ఎనిమిదో సీసా

ఈ మధ్య మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు ఆయుర్వేదం చదువు ముగించి, ప్రభుత్వ వైద్యశాలల్లో చేరబోతూ నా దగ్గరకు వచ్చారు. సెలవుల రూల్సు, బదిలీల రూల్సు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరైనా ఆ రూల్సు నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియవు. తెలిసిన గుమస్తా ఒకాయన ఉన్నాడు, వెళ్ళి ఆయన్ని అడగండి అన్నాను. ఉద్యోగం లోపల ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. అది ఒక పూటలో తేలేది కాదు కనుక రాసి ఇస్తానన్నాను. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నాకు గుర్తున్నవన్నీ నేను తప్పు చేసినవే. సరిగ్గా చేసినవి గుర్తుండవు కాబోలు.

నేను ఎక్కువగా పనిచేసింది కోనసీమలోనే. మొదట కొత్తపేట వైపు రెండేళ్ళు, తర్వాత మామిడికుదురు దగ్గర ఒక ఊళ్ళో పధ్నాలుగేళ్ళు. తొంభైలన్నీ, ఆ తర్వాత కొన్నేళ్ళూ అక్కడే గడిచాయి. వైద్యశాల అంటే రెండు గదుల పెంకుటిల్లు, ఒక బల్ల, రెండు బెంచీలు, రెండు అలమరాలు, నేను, కాంపౌండరు వీర్రాజు. డాక్టరు ఆడమనిషి అయ్యేసరికి వచ్చేవాళ్ళలో ముప్పాతికమంది ఆడవాళ్ళే ఉండేవారు. వాళ్ళు చెప్పుకునేవి నాలుగైదే. నెల తప్పడం, నెలకి రెండుసార్లు రావడం, వచ్చింది ఆగకపోవడం, తెల్లబట్ట, ముట్లుడిగే వయసులో ఒళ్ళంతా ఆవిర్లు, అయినదానికీ కానిదానికీ కోపం. ఇంగ్లీషు మందుల డాక్టరు దగ్గర నోరు విప్పనివాళ్ళు మా దగ్గర ఇవన్నీ చెప్పేవారు. మా వైద్యం మీద నమ్మకం అనుకుని కొన్నాళ్ళు మురిసిపోయాను. అసలు కారణం, మేము బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చెయ్యకపోవడం. అది నాకు అర్థమవడానికి చాలా కాలం పట్టింది.

మా మొదటి పెద్దాయన

కొత్తపేట వైపు నేను ఒక సీనియరు కింద పనిచేశాను. అరవైకి దగ్గర పడినవారు. నాడి పట్టుకుంటే జబ్బు చెప్పేస్తారని పేరు. మంచివారే. అయితే ఆడవాళ్ళు వస్తే తలెత్తేవారు కాదు. వెంట వచ్చిన మగవాణ్ణి అడిగేవారు.

ఒకసారి ఒక రైతు భార్యను తీసుకొచ్చాడు. మా పెద్దాయన అతన్ని అడిగారు, "నెలసరి సక్రమంగా వస్తోందా?"

అతను బుర్ర గోక్కున్నాడు. "వంటింట్లోకి రాని రోజులు నెలకి మూడుంటన్నాయండి. ఆ లెక్కన వస్తన్నట్టేనండి."

వెనకాల నిలబడ్డ భార్య నా వైపు చూసి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్ళి అడిగితే, రెండు నెలలుగా రావడమే లేదట. అత్తగారికి అనుమానం రాకుండా మూడు రోజులు బయట కూచుంటోందట. నేను వచ్చి ఆ సంగతి చెబితే మా పెద్దాయన నన్నే కోప్పడ్డారు.

"మీరు కొత్తగా వచ్చేరు. ఆడవాళ్ళని ఎదురుగా కూచోబెట్టి అడిగితే రేపట్నుంచి రారండి," అన్నారు.

నేను లోపల నవ్వుకున్నాను. మొగుణ్ణి అడిగి పెళ్ళానికి మందిచ్చే వైద్యం ఇదొకటా అని చాలామందికి కథలు కథలుగా చెప్పాను కూడా. అలా నవ్వుకున్నందుకు తర్వాత నాకు తగిన శాస్తే జరిగింది.

బళ్ళో చెట్లు

మా వైద్యశాలలో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది అశోకారిష్టం. అశోక పట్ట కషాయాన్ని పులియబెట్టి చేస్తారు. ఎక్కువ రక్తం పోయేవాళ్ళకి ఇస్తాం. పై నుంచి వచ్చిన సరుకు మూడు నెలలకి అయిపోయేది, మళ్ళీ వచ్చేదాకా అందరూ నన్ను తిట్టుకునేవారు. అలా అయిపోయిన రోజుల్లో ఒకావిడ, ఇందులో ఏముంటుందండి అని అడిగింది. అశోక చెట్టు పట్ట అని చెప్పాను. అంతకంటే ఏమీ చెప్పలేదు.

పది రోజుల తర్వాత మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరు గారు వచ్చారు. "డాక్టరమ్మగారూ, ఒకసారి మా బడికొచ్చి చెట్లు చూద్దురు గాని," అన్నారు. వెళ్ళాను. గోడ వెంట వరసగా ఉన్న చెట్లన్నిటికీ ఒక ఆడమనిషి చెయ్యి అందినంత ఎత్తు వరకూ బెరడు లేదు.

"ఇన్నాళ్ళూ పిల్లలు చెక్కేవోరండి, పేర్లు రాసుకోడానికి. ఇప్పుడు వాళ్ళమ్మలు కూడా మొదలెట్టేరు," అన్నారాయన. ఆయన నవ్వుతున్నారో లేదో నాకు తెలియలేదు.

అవి మందులో వాడే అశోక చెట్లే కావు. నరమామిడి చెట్లు. నిటారుగా పెరుగుతాయని బళ్ళల్లోనూ ఆఫీసుల్లోనూ వేస్తారు, ఊరంతా వాటినే అశోక అంటుంది. అసలు అశోక ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఆ కషాయం తాగినవాళ్ళకి అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు, చెట్లకే ప్రాణం మీదకొచ్చింది. అందుకని మీకు చెబుతున్నాను, చెట్టు పేరు చెబితే ఏ చెట్టు కాదో కూడా చెప్పండి. వీలైతే చెయ్యి పట్టుకుని చూపించండి.

పనిచేసేవీ, చెయ్యనివీ

నా చదువును నేను తక్కువ చెయ్యను. కాన్పయిన వాళ్ళకి పాలు పడడానికి, నెలసరి ముందు వచ్చే నొప్పికి, ముట్లుడిగే వయసులో నిద్రపట్టక బాధపడేవాళ్ళకి మా మందులతో మేలు జరగడం కళ్ళారా చూశాను. కొందరికి మందు కంటే నేను అరగంట కూచోబెట్టి మాట్లాడడం వల్లే మేలు జరిగిందేమో, అదీ కాదనను. కాని ఆకూ వేరూ కనుక చెడు చెయ్యవు అనే మాట మాత్రం నమ్మకండి. నెల తప్పినవాళ్ళకి రప్పించడానికి మనం ఇచ్చే మాత్రలు కడుపుతో ఉన్న పిల్లకి పొరపాటున వేస్తే ఏమవుతుందో మీరు చదువుకునే వచ్చారు. చదువుకున్నది బెంచీ నిండా జనం ఉన్నప్పుడు గుర్తుండాలి.

కువైట్‌లో పనిచేసే ఒకతని భార్యను వాళ్ళ అత్తగారు తీసుకొచ్చింది. అతను రెండేళ్ళకోసారి నెలన్నర సెలవు మీద వస్తాడు. రెండు సెలవులు అయిపోయాయి, పిల్లలు లేరు. కోడలికి నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. ఈసారి సెలవు లోపల గర్భాశయం బాగుచేసి పెట్టమని అత్తగారి ఉత్తరువు. నేను పిల్లను చూశాను. ముఖం ఉబ్బు, గొంతు బరువు, ఎండాకాలంలో చలి అంటోంది, మెడ ముందు చిన్న వాపు. అమలాపురం వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోమని చీటీ రాశాను.

"వేర్లూ ఆకులూ ఇస్తారని మీ దగ్గరికొస్తే సూదులు పొడిపించుకోమంటారేంటండి," అంది అత్తగారు.

"జబ్బు మెడ దగ్గరుంటే మందు గర్భాశయానికి పోస్తే ఎలాగండీ," అన్నాను.

థైరాయిడే. రోజూ పొద్దున్నే వేసుకునే చిన్న బిళ్ళతో నాలుగు నెలల్లో నెలసరి దారిలో పడింది. తర్వాతి సెలవుకి కడుపు పండింది. అత్తగారు అరటిపళ్ళ అత్తం పట్టుకొచ్చి, మీ కుమార్యాసవం మహత్యమండి అంది. ఆవిడ తృప్తి కోసం ఆ కలబంద మందు ఒక సీసా ఇచ్చిన మాట నిజమే. ఆ అరటిపళ్ళు తిన్నాను కాని, మహత్యం నాది కాదని ఆవిడతో చెప్పలేదు.

వైరు బుట్ట

ఇక నేను రాయడానికి కూచున్న అసలు సంగతి ఇది.

అశోకారిష్టం లాంటి అరిష్టాలు మాకు పెద్ద డబ్బాల్లో వచ్చేవి. రోగులు ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుంటే వీర్రాజు అందులో పోసి ఇచ్చేవాడు. హార్లిక్సు సీసాలు, కొబ్బరినూనె సీసాలు, ఆ ఇంటి మగవాళ్ళు తాగి పడేసిన బ్రాందీ సీసాలు, అన్నీ మా బల్ల మీద వరసగా నిలబడేవి.

గోదావరి పాయకు అవతల ఒక లంక ఉంది. అక్కడి ఆడవాళ్ళు పని మానుకుని పడవెక్కి రావడం కష్టం. వాళ్ళ తరఫున మంగాయమ్మగారు వచ్చేవారు. యాభై అయిదు దాటిన మనిషి, భర్త పోయారు, పిల్లలు లేరు. లంకలో ఎవరింట్లో ఊరగాయలు పెట్టాలన్నా ఆవిణ్ణే పిలుస్తారు. ప్రతి గురువారం ప్లాస్టిక్ వైరు బుట్టలో ఏడు సీసాలు పెట్టుకుని వచ్చేవారు. ఏ సీసా ఎవరిదో తెలియడానికి ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు దారం.

"ఎర్రదారం పిల్లకి తగ్గిందండి. పచ్చదారం ఆవిడకి నడుం నొప్పి అలాగే ఉందండి. పసుపుదారం వాళ్ళు చేదుగుంటందని పారబోత్తన్నారు, మీరో మాట రాసివ్వండి," అని ఒక్కొక్కటీ అప్పజెప్పేవారు. నేను విని, మందు మార్చో మార్చకో చెప్పేదాన్ని. వీర్రాజు పోసేవాడు. రిజిస్టర్లో ఏడుగురినీ చూసినట్టే రాసేవాళ్ళం. నెలాఖరుకి ఆ అంకెలు చూసి మా పై అధికారి మెచ్చుకునేవారు. పడవ ఎక్కకుండానే ఒక లంక మొత్తానికి వైద్యం చేస్తున్నానని నాకూ కొంచెం గర్వంగానే ఉండేది.

తొంభై ఆరు తుఫాను పోయిన రెండో ఏడు, వినాయక చవితి వెళ్ళాక, బుట్టలో ఎనిమిదో సీసా కనిపించింది. దానికి దారం లేదు.

"ఇదెవరిదండీ?"

"మా వదినదండి. ఉడిగిపోయి ఆరేళ్ళయిందండి. ఇప్పుడు మళ్ళీ కనపడతందండి. కొంచెమేనండి."

ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపిస్తే ముందు మనిషిని పరీక్ష చేయించాలి, మందు తర్వాత. ఈ ముక్క నాకు తెలియక కాదు. ఒకసారి రమ్మనండి, చూడాలి అన్నాను. ఆయ్, చెబుతానండి అన్నారావిడ. ఈలోగా ఉంటుందని అశోకారిష్టం పోయించాను. పై వారం అడిగితే, మోకాళ్ళ నొప్పులండి, పడవెక్కలేదండి అన్నారు. ఆ పై వారం కొంచెం తగ్గిందండి అన్నారు. నాలుగు వారాలు రమ్మని చెప్పాను, అయిదో వారం చెప్పడం మానేశాను. నడుమ ఒక చూర్ణం కూడా కలిపాను. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం కొత్త మనిషి ఒకావిడ కుంటుకుంటూ వచ్చింది. "మోకాళ్ళకి నూనిత్తారని మంగాయమ్మ చెప్పిందండి. నేను దాని వదిన్నండి, సత్యవతిని."

నాకు సంతోషం వేసింది. బెంచీల నిండా ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరి ముందూ అడిగాను, "ఎట్టకేలకి వచ్చారన్నమాట. ఎనిమిది నెలల నుంచి రమ్మంటున్నాను. రక్తం పోవడం తగ్గిందా?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "నాకాండి? నాకేం రక్తమండి?"

"మంగాయమ్మగారు మీ సీసా పట్టుకెళ్తున్నారు కదా."

"నాకు ఉడిగి పదేళ్ళు దాటిందండి. ఆ తర్వాత చుక్క కనపడితే ఒట్టండి. నా పేరు చెప్పి మందేంటండి?"

వీర్రాజు పోస్తున్నవాడు పొయ్యడం ఆపాడు. సత్యవతి తనలో తను అనుకుంటున్నట్టు అంది, "అందుకేనాండి, ఈ మధ్య అది మా ఇంట్లో పీటేస్తే కూచోట్లేదు."

మా వైద్యశాలలోనూ మంగాయమ్మగారు చాలా నెలలుగా బెంచీ మీద కూచోవడం లేదు. నిలబడే సీసాలు అప్పజెప్పేవారు. నా మీద గౌరవం అనుకున్నాను. ఆ సీసాకి దారం ఎందుకు లేదో కూడా అప్పుడు తెలిసింది. ఎవరి సీసా వాళ్ళు గుర్తుపట్టడానికి దారం అక్కర్లేదు.

లంకలో

బెంచీల మీద ఉన్నవాళ్ళని త్వరత్వరగా చూసి పంపించి, మధ్యాహ్నం పడవకి వెళ్ళాను. సత్యవతి కూడా అదే పడవలో ఉంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆడమనిషి అంతసేపు మాట్లాడకుండా ఉందంటే దిగాక మాట్లాడడానికే అని అప్పుడు నాకు తట్టలేదు.

మంగాయమ్మగారు ఒక పెద్ద రైతు ఇంట్లో ఆవకాయ కలుపుతున్నారు. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆ ఇల్లాలు నాకు కుర్చీ వేయించింది. ఎందుకొచ్చారని అడిగితే, ఇటుగా ఒక రోగిని చూడ్డానికి వచ్చానన్నాను.

"మంగాయమ్మ చెయ్యి పడితే ఏడాదికీ బూజు పట్టదండి," అందావిడ. "ఉడిగిన మనిషి, నమ్మకస్తురాలు. మా కోడళ్ళిద్దరున్నారు గాని, వాళ్ళకే రోజు అడ్డొస్తదో తెలీదు. ముట్టు మనిషి నీడ పడినా జాడీ మొత్తం పోద్ది కదండీ."

ఆ ఇంటికే కాదు, లంకంతటికీ ఇదే పట్టింపు. ఊరగాయల రెండు నెలల పనే మంగాయమ్మగారికి ఏడాది తిండి. ముట్లుడిగిన మనిషి కాబట్టే ఆ పని ఆవిడది. నేను కుర్చీలో కూచుని ఆ మాటలు వింటుంటే ఆవిడ తలెత్తి నా ముఖం చూశారు. చూడగానే తెలిసిపోయింది.

"ఈ జాడీ అవనివ్వండి అమ్మగారూ," అన్నారు. "మధ్యలో ఆపితే ముక్క మెత్తబడిపోద్దండి."

ఆగాను. ఆవిడ ముక్కలన్నీ జాడీలోకి ఎత్తి, పైన నూనె పోసి, గుడ్డతో వాసెన కట్టి, చేతులు కడుక్కుని వచ్చారు. ఇద్దరం కొబ్బరితోటలోకి నడిచాం.

"నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"ఏం చెప్పమంటారండి. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడు నాకు మళ్ళీ కనపడతందంటే ఊరు ఒకలాగ అనుకోదండి. అదలా ఉంచండి, ఉడగని మనిషిని జాడీ దగ్గరికి రానిత్తారాండి?"

"నాతో చెబితే నేను ఊరికి చెబుతానా?"

"మీ బెంచీ మీద ఊరంతా కూచుంటాదండి."

ఆ ఉదయం ఊరంతా వినేలా అడిగింది నేనే. ఆవిడకి ఆ సంగతి అప్పటికి తెలియదు. నేనూ చెప్పలేదు. ఆవిడే మళ్ళీ అన్నారు, "అయినా మీరడగలేదు కదండీ. ఏడుగురి గురించీ అడిగేవోరు. నువ్వెలాగున్నావని ఒక్కసారి అడిగుంటే చెప్పేసేదాన్నేమోనండి."

మర్నాడే కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్దామన్నాను. రోహిణీ కార్తె వెళ్ళనివ్వండి, ఇంకా పన్నెండిళ్ళున్నాయి అన్నారు. దాచకుండా చెప్పాను, ఇది కేన్సరు కావచ్చని.

"అయితే ఈ ఏటికి అందరివీ పెట్టేసే వత్తానండి," అన్నారు. నేను ఎంత చెప్పినా వినలేదు.

రెండు రోజులు గడిచాక, పొద్దున్నే వైద్యశాల తలుపులు తీసేసరికి ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో బుట్ట లేదు.

"ఇంక పనేం లేదండి. ఎక్కడికి రమ్మంటే అక్కడికొత్తాను, పదండి."

సత్యవతి నోటి నుంచి సంగతి లంకంతా పాకింది. నేను చూస్తుండగా కలిపిన ఆవకాయ, అంతకుముందు రోజు పెట్టిన జాడీ కూడా ఆ ఇంటివాళ్ళు తోటలో నీళ్ళ బోదెలో పారబోశారట. మిగతా ఇళ్ళవాళ్ళు కబురు పెట్టి వద్దన్నారు. "రెండొందల కాయండి. నూని కూడా మంచిదేనండి," అంటూ ఆవిడ ఏడ్చారు. ఒంట్లో జబ్బు గురించి ఏడవలేదు. బెంచీల ముందు నేను గొంతు పెంచి అడిగిన ఒక్క ప్రశ్న వల్ల ఇదంతా జరిగిందని చెప్పాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "తెలుసండి. సత్యవతి చెప్పింది," అన్నారు. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

కాకినాడ

ముక్తేశ్వరం రేవులో లాంచీ ఎక్కి, కోటిపల్లిలో దిగి, బస్సులో కాకినాడ చేరాం. ఆడవాళ్ళ వార్డు దగ్గర ఓపీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. కాగితం తీసి అడిగింది, "ఎన్నాళ్ళనుంచి పోతోందమ్మా?"

మంగాయమ్మగారు ఒక్క క్షణం నా వైపు చూసి, "పదిహేన్రోజుల్నుంచండి," అన్నారు.

"ఈవిడెవరు?"

"మా డాక్టరమ్మగారండి. తెలియగానే తీసుకొచ్చేసేరండి."

ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. "మంచి పని చేశారు మేడం. మా దగ్గరికి అందరూ ముదిరాకే వస్తారు," అని కాగితం మీద పదిహేను రోజులని రాసింది.

ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ మెచ్చుకోలు నాకు హాయిగా అనిపించింది. ఊరుకుంటే అయిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆ అమ్మాయి కాగితం తిప్పి రెండో ప్రశ్న అడగబోతుంటే అప్పుడు అన్నాను, "పదిహేను రోజులు కాదండీ. ఎనిమిది నెలలు. మందు నేనే ఇచ్చాను. మనిషిని చూడకుండా ఇచ్చాను."

ఆ అమ్మాయి కలం ఆపి నన్ను చూసింది. పదిహేను రోజులు కొట్టేసి ఎనిమిది నెలలు అని రాసుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

వరండాలోకి వచ్చాక మంగాయమ్మగారు నన్ను కోప్పడ్డారు. "ఎందుకు చెప్పేరండీ? మీ ఉద్యోగం పోతే మా లంకోళ్ళకి మందెవరు పోత్తారండి?"

గర్భాశయంలో కేన్సరే. కొంచెం బయటికి కూడా పాకింది. ఆపరేషను చేశారు, తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టారు. మొదటి నెలలోనే తీసుకొచ్చి ఉంటే ఏమయ్యేదని పెద్ద డాక్టరు గారిని అడిగాను. ఆపరేషనుతో పోయేదేమో, గట్టిగా చెప్పలేను అన్నారాయన. ఆ "ఏమో" ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

నా ఉద్యోగం పోలేదు. సీసాలకి మందు పోయడం మాత్రం మానేశాను. గురువారం గురువారం నేనే పడవెక్కి లంకకి వెళ్ళి, ఒక్కొక్కరినీ లోపలి గదిలో విడిగా కూచోబెట్టి అడిగేదాన్ని. ఏడుగురిలో ఇద్దరికి అసలు మందే అక్కర్లేదు. పచ్చదారం ఆవిడ సీసా, కాస్త మత్తుగా ఉంటుందని, ఏడాదిగా వాళ్ళాయన తాగుతున్నాడు. అందుకే నడుం నొప్పి తగ్గలేదు. రిజిస్టర్లో అంకె పడిపోయిందని మా పై అధికారి సంజాయిషీ అడిగారు. ఉన్నది రాసి పంపాను. ఆయన ఫోను చేసి, మీరు చూసినా చూడకపోయినా రాయడం మాత్రం రాయండమ్మా అన్నారు. ఆ పై అధికారి చెడ్డవారేమీ కాదు. మీకూ అలాంటివారే వస్తారు. రాయకండి.

జాడీ

మళ్ళీ మామిడికాయల రోజులు వచ్చాయి. లంకలో ఒక్క ఇల్లు కూడా మంగాయమ్మగారిని పిలవలేదు. ఈ ఏడు మా ఇంట్లో ఆవకాయ మీరే పెట్టాలని నేను వెళ్ళి అడిగాను.

"నా చెయ్యెందుకండి. మీ అత్తగారు ఊరుకోరండి."

ఆ మాటా నిజమే. మా ఇంట్లోనూ అదే పట్టింపు. రోజూ వందమందికి గర్భాశయం గురించి చెప్పే నేను, ఆ మూడు రోజులూ జాడీ ఉన్న గది గడప తొక్కేదాన్ని కాదు. పెద్దావిడతో గొడవెందుకులే అనుకునేదాన్ని. ఈసారి గొడవైతే అయిందనుకున్నాను. మా అత్తగారు గొడవ చెయ్యలేదు. ముందు రోజే తన కాయలు తను కొట్టించుకుని, తన జాడీ తను పెట్టుకుని, ఎత్తుగా అటక మీదకి చేర్పించారు.

మంగాయమ్మగారు పొద్దున్నే వచ్చారు. బాగా చిక్కిపోయారు. కాయలు తుడిచి, ఆవపిండీ కారం ఉప్పూ కొలుచుకుని, చెయ్యి పెట్టబోతూ ఆగి నన్ను పక్కకి పిలిచారు. ఈసారి నేను అడగకుండానే చెప్పారు.

"ఈవేళ మళ్ళీ కొంచెం కనపడిందండి. మానేద్దామాండి?"

అది మళ్ళీ కనపడడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మర్నాడు కాకినాడ వెళ్దామన్నాను. ఆయ్ అన్నారు. "ఇప్పుడు మాత్రం కలపండి," అన్నాను. ఆవిడ రెండు చేతులూ పెట్టి, ఎప్పట్లాగే మోచేతుల దాకా కలిపారు.

ధనుర్మాసంలో ఆవిడ పోయారు. నేను లంకకి వెళ్ళి చూసి వచ్చాను.

శివరాత్రి వెళ్ళేసరికి మా అత్తగారి జాడీ అయిపోయింది. రెండు రోజులు ఆవిడ మజ్జిగన్నంలో ఉప్పు మాత్రం వేసుకుని తిన్నారు. మూడో రోజు నేను వడ్డిస్తుంటే తల ఎత్తకుండా, "ఆ రెండో జాడీలోది కొంచెం వెయ్యి," అన్నారు. వేశాను. తిని, మళ్ళీ వెయ్యమన్నారు. కొత్త కాయలు వచ్చేదాకా ఇంటిల్లిపాదీ ఆ జాడీయే తిన్నాం. అడుగు దాకా ఎక్కడా బూజు పట్టలేదు.